అద్దరిలంక వరకూ పొన్నమెరకే: శ్రీమతి బొంతు రెబెకా గారి ముప్పై ఆరేళ్ళ సేవ

1989వ సంవత్సరం జూన్ 14వ తేదీ, బుధవారం నాడు, పొన్నమెరక మేజర్ పంచాయతీ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా కుమారి రెబెకా గారు ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. చేరిక పత్రంలో ఉదయం పది గంటలకు చేరినట్లు రాయమని అప్పటి పెద్ద గుమాస్తా గారు సలహా ఇవ్వగా, ఆమె కాసేపు ఆలోచించి పది గంటల ఇరవై నిమిషాలకు అని రాశారు. తొమ్మిదిన్నరకే వచ్చి వసారాలో నిలబడిన మనిషి తనమీద తానే ఆలస్యం వేసుకోవడం వింతగానే ఉంటుంది గాని, కార్యాలయం తాళం తీసింది పది ఇరవైకి కనుక, మూసి ఉన్న గదిలో తాను పదింటికి ఎలా చేరగలనన్నది ఆమె సందేహం. ఆ కాగితం ఈనాటికీ ఆమె సర్వీసు రిజిస్టరులో భద్రంగా ఉంది. తాళం ఆలస్యంగా తీసినవారి పేరు ఈ సంచికలో అప్రస్తుతం.

ఈ అభినందన సంచిక చదివే కుటుంబ సభ్యుల కోసం, ముఖ్యంగా దూరప్రాంతాల నుంచి వచ్చిన బంధుమిత్రుల కోసం, మా ఊరి గురించి రెండు మాటలు చెప్పడం అవసరం. అమలాపురానికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో, ఒక పక్క ప్రధాన కాలువకూ మరొక పక్క గోదావరి పాయకూ నడుమ, కాస్త ఎత్తైన నేలమీద వెలసిన ఊరు పొన్నమెరక. పగలంతా అమలాపురంలో కోర్టుల్లోనూ కాలేజీల్లోనూ కొబ్బరి కొట్లలోనూ పనిచేసి, సాయంత్రానికి బస్సులోనో ఆటోలోనో ఇల్లు చేరుకునేవారే ఇక్కడ సగంమంది. అయినా పెద్ద ఊరి నీడలో ఉన్నామన్న చిన్నతనం మాకు ఏనాడూ లేదు. మా సంత మాదే, మా మంచినీళ్ళ చెరువు మాదే, మా తగాదాలు కూడా పూర్తిగా మావే. పాయకు అవతల ఉన్న అద్దరిలంకలోని నూట అరవై గడపలు సైతం ఈ ఊరిలోనివే. చేపల వేటకు వెళ్ళేవారు, కూరగాయలు పండించుకునేవారు అక్కడ ఉంటారు. పంచాయతీ వారి పడవ ఎక్కితే పన్నెండు నిమిషాల్లో ఇటు ఒడ్డుకు రావచ్చు.

రెబెకా గారి తండ్రి, కీర్తిశేషులు సాలమోను గారు, ఇదే పంచాయతీలో చాటింపు ఉద్యోగి. సభ జరగబోతున్నా, టీకాలు వేయడానికి డాక్టర్లు వస్తున్నా, వేసవిలో కాలువలు కట్టేస్తున్నారు, నీళ్ళు పట్టి ఉంచుకోమని చెప్పాల్సి వచ్చినా, డప్పు భుజాన వేసుకుని ఊళ్ళోని పదకొండు పేటలూ తిరిగేవారు. పదకొండవది అద్దరిలంక. ఆయన వసారాలో కూర్చునే కార్యాలయంలో కూతురు లోపల కుర్చీలో కూర్చోవడం ఆ రోజుల్లో కొందరికి మింగుడుపడలేదు. కొత్తగా వచ్చిన గుమాస్తా గారిని ఏకవచనంలో పిలిచి మంచినీళ్ళు తెమ్మన్న పెద్దమనుషులు కూడా లేకపోలేదు. ఆమె నీళ్ళు తెచ్చి ఇచ్చేవారు. ఆ తరువాత వారి ఇంటి పన్ను దరఖాస్తు ఆసాంతం చదివి, నాలుగో గడిలో తప్పు ఉంది, దిద్ది తీసుకురండి అని సవినయంగా తిరిగి పంపేవారు. తప్పు నిజంగానే ఉండేది. ఇలా రెండేళ్ళు గడిచేసరికి ఊళ్ళో అందరి నోటా ఆమె రెబెకా గారయ్యారు.

1991లో ఉపాధ్యాయులు శ్రీ బొంతు శ్యామ్ బాబు గారితో ఆమె వివాహం జరిగింది. ఇద్దరు ఆడపిల్లల తల్లిగా, ఉద్యోగినిగా, చర్చిలో ఆదివారపు బడి నడిపే ఉపాధ్యాయినిగా ఆమె ఏకకాలంలో మూడు బాధ్యతలు నిర్వహించిన తీరు మా కార్యాలయంలోని యువతులకు ఆదర్శప్రాయం. యువకులకు కూడా ఆదర్శప్రాయమే గాని, వారు ఇంకా నేర్చుకునే దశలో ఉన్నారు.

ఆమె జీవితాన్ని మలుపు తిప్పినది 1996 నవంబరు నాటి తుఫాను. ఆ మర్నాడు ఉదయం, తమ ఇంటి పైకప్పు సగం ఎగిరిపోయి ఉండగా, పిల్లలను అత్తగారికి అప్పగించి, పడిపోయిన కొబ్బరిచెట్లను దాటుకుంటూ ఆమె కార్యాలయానికి వచ్చారు. పావుగంట దారికి రెండున్నర గంటలు పట్టింది. లోపల 1926 నుంచి ఉన్న నలభై ఒక్క తీర్మానాల పుస్తకాలు తడిసి ముద్దయి ఉన్నాయి. అవి ఇక పనికిరావని, పోయినట్లు ఒక కాగితం రాసి పంపేస్తే సరిపోతుందని అందరూ అన్నారు. ఆమె వాటిని వసారాలో వరసగా పరిచి, ప్రతి రెండు పుటల మధ్యా పాత వార్తాపత్రిక ముక్క పెట్టి, వీధి చివర చాకలి వారి ఇస్త్రీ పెట్టె అరువు తెచ్చి, పదిహేడు రోజులపాటు ఒక్కొక్క పుటనే ఆరబెట్టారు. ఆరబెట్టాలంటే పుట విప్పాలి, విప్పిన పుట మీద కన్ను పడక మానదు. డెబ్భై ఏళ్ళ ఊరి చరిత్రను ఆ విధంగా, బొగ్గుల వేడి మీద, ఆమె మొదటి నుంచి చివరి దాకా చదివేశారు.

ఆ పుస్తకాలలో ఏముందని ఎవరైనా అడిగితే ఆమె ముఖం వెలిగిపోతుంది. తాగే కాలువలో కొబ్బరి పీచు నానబెట్టరాదని 1931లో చేసిన తీర్మానం, అదే తీర్మానాన్ని 1933లోనూ 1936లోనూ మళ్ళీ చేయవలసి వచ్చిన వైనం, వీధి దీపాలకు కిరసనాయిలు పోసే మనిషి తన ఇంటి ముందు దీపం మాత్రం దేదీప్యమానంగా వెలిగించుకుంటున్నాడని వచ్చిన ఫిర్యాదు, అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. వీటన్నిటిలోకీ ఆమెకు ఇష్టమైనది 1938 నాటిది. ఊరిమీద తిరిగే పశువులను బందెలదొడ్డిలో పెట్టాలని తీర్మానించిన అధ్యక్షుల వారి గేదే మొట్టమొదట దొరికింది. ఆయన తానే సభకు అధ్యక్షత వహించి, తన గేదె విషయంలో తన మందలింపును తానే ఆమోదించి, కింద సంతకం చేశారు. ఊరంటే ఇళ్ళూ రోడ్లూ కాదని, నలుగురూ కూర్చుని ఒక మాట అనుకుని దానికి కట్టుబడటమే ఊరని రెబెకా గారు తరచు చెప్పే మాట వెనుక ఉన్నది ఈ గేదే.

ఇక్కడ ఈ వ్యాసకర్త ఒక విషయం మనవి చేసుకోవాలి. పదవీ విరమణ సంచికలో వ్యాసం రాస్తానని అనుమతి కోరినప్పుడు రెబెకా గారు ఒక షరతు పెట్టారు. 2011లో తాము చేసిన తప్పు కూడా రాస్తేనే మిగతాది రాయాలని, అది వదిలేసే పక్షంలో అసలు రాయవద్దని తేల్చి చెప్పారు. అభినందన వ్యాసంలో తప్పులు రాసే ఆచారం ఎక్కడా లేదని ఎంత బతిమాలినా వినలేదు. కనుక ఆ సంగతి రాయక తప్పదు. రాసిన తరువాత చూస్తే, అది లేకుండా ఆమెను గురించి రాయడం సాధ్యం కాదని ఈ వ్యాసకర్తకూ అనిపించింది.

గ్రామసభ జరపాలంటే ముందుగా ఊరంతటికీ చాటించాలి. చాటించినట్లు సభ కార్యక్రమాల పుస్తకంలో మొదటి వాక్యంగా రాయాలి. "అన్ని పేటలయందును చాటింపు వేయించి సభ ఏర్పాటు చేయడమైనది" అన్న ఆ వాక్యం 1926 నుంచి అక్షరం మారకుండా వస్తున్నది. 2002లో సాలమోను గారు పదవీ విరమణ చేయగానే ఆ ఉద్యోగమే రద్దయి, డప్పు స్థానంలో మైకు కట్టిన ఆటో వచ్చింది. ఆటో యజమాని కొండబాబు గారు శ్రద్ధగా పది పేటలూ తిరిగేవారు. పదకొండవ పేటకు పడవ మీద వెళ్ళాలి, ఆటో పడవెక్కదు. జరిగింది అంతే. అద్దరిలంకను వదిలేద్దామని ఎవరూ అనుకోలేదు, వదిలేశామని ఎవరికీ తట్టనూ లేదు. పుస్తకంలో వాక్యం మాత్రం యథాప్రకారం సాగిపోయింది. చేరిన రోజున ఇరవై నిమిషాల లెక్క తప్పనివ్వని చెయ్యి, కిందటి సభ రాత చూసి ఈ సభకు రాసే అలవాటులో పడి, ఎనిమిదేళ్ళపాటు ఆ వాక్యాన్ని రాస్తూనే వచ్చింది.

2011లో పొన్నమెరకను నగర పంచాయతీగా మార్చే ప్రతిపాదన వచ్చింది. గ్రామసభ అభిప్రాయం పంపమన్నారు. అప్పటి సర్పంచి శ్రీ భీమరాజు గారు కార్యదక్షులు, ఊరి మేలు కోరేవారు. అయితే పాయకు అవతల ఉన్న లంకకు రోడ్డు వేయలేము, మురుగు కాలువ తవ్వలేము, దాన్ని వెంట పెట్టుకుంటే పట్టణమనిపించుకోవడం కష్టమని వారి ఉద్దేశం. అద్దరిలంకను అవతలి గట్టున ఉన్న మరొక పంచాయతీలో కలిపివేయాలని, మిగిలిన పది పేటలతో నగర పంచాయతీ ఏర్పాటు చేయాలని ఫిబ్రవరి 4న జరిగిన గ్రామసభ తీర్మానించింది. హాజరైనవారు డెబ్భై మూడు మంది. ఆక్షేపణ చెప్పినవారు లేరు. లంక వారు రాలేదేమని ఒకరిద్దరు అనుకున్నారు గాని, వేట రోజులు కదా అని సరిపెట్టుకున్నారు. అప్పటికి సీనియర్ అసిస్టెంటుగా ఉన్న రెబెకా గారు సభా కార్యక్రమాలు రాసి, సంతకాలు చేయించి, కాకినాడలోని జిల్లా కార్యాలయానికి పంపించారు.

నాలుగో రోజు మధ్యాహ్నం పడవలో అద్దరిలంక నుంచి తొమ్మిదిమంది ఆడవారు వచ్చారు. వారికి ముందు నడిచింది రాజేశ్వరమ్మ గారు. అమలాపురం బజారులో చేపలు అమ్ముకుంటుండగా బేరానికి వచ్చినావిడ ఎవరో, మీ లంకను ఊరిలోంచి తీసేశారట కదా అని అడిగితే ఆమెకు ఈ సంగతి తెలిసింది. చేతిలో ఖాళీ గంప ఇంకా అలాగే ఉంది.

మాకెప్పుడు చెప్పారని ఆమె అడిగారు. రెబెకా గారు ఎప్పటిలాగే ఆదరంగా బల్ల దగ్గరకు పిలిచి, కుర్చీ చూపించి, పుస్తకం తీసి ఆ వాక్యం చదివి వినిపించారు. రాజేశ్వరమ్మ గారు కుర్చీలో కూర్చోలేదు. పూర్తిగా విని, గొంతు పెంచకుండా ఒక్క మాట అన్నారు.

"సాలమోను గారు పడవెక్కి వచ్చేవోరండి. మా రేవులో డప్పు మోగితే పొయ్యి మీద కూర దించేసి మరీ వచ్చేవోళ్ళమండి. ఆయన మానేసేక మా రేవుకి ఎవరొచ్చేరో చెప్పండమ్మా."

ఆ గదిలో ఒక మూల, ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాని ఈ వ్యాసకర్త కూడా ఉన్నాడు. రెబెకా గారి వేలు ఆ వాక్యం మీదే ఉండిపోయింది. ఆ తరువాత ఎప్పుడో ఆమె చెప్పుకున్నారు: తన తండ్రి ఎండలో, వానలో, ఏటికి ఎదురు వెళ్ళి నిజం చేస్తూ వచ్చిన ఆ వాక్యాన్ని, ఆయన కూతురై ఉండి తాను కుర్చీలో కూర్చునే అబద్ధం చేసేశానని ఆ క్షణాన అర్థమైందట. సిగ్గుతో తల ఎత్తలేకపోయానని ఆమె నిస్సంకోచంగా చెబుతారు.

"ఎవరూ రాలేదండి. నేనే తప్పు రాసేను," అన్నారామె.

లంక వారికి పోయేది చిన్న విషయం కాదు. అవతలి పంచాయతీలో కలిస్తే ఒక్క ధ్రువపత్రానికి రెండు పడవలూ ఒక బస్సూ మారాలి. పిల్లల బడి, రేషను, మంచినీళ్ళ పడవ అన్నీ ఇటు ఒడ్డునే ఉన్నాయి. రెబెకా గారికి పోయేదీ చిన్న విషయం కాదు. పదోన్నతుల జాబితాలో ఆమె పేరు రెండవది, ఏప్రిల్‌లో ఉత్తర్వులు రావలసి ఉంది. తప్పుడు వాక్యం రాశానని స్వహస్తంతో ఒప్పుకుంటే ఆ జాబితా సంగతి అటుంచి, అసలు ఉద్యోగానికే ముప్పు రావచ్చు. ఇంటికి వెళ్ళి శ్యామ్ బాబు గారితో చెప్పారు. పెద్దమ్మాయి ఇంజనీరింగు, చిన్నమ్మాయి ఇంటర్ చదువుతున్న సమయం. ఆయన అంతా వింటూ భోజనం పూర్తి చేశారట. చివరకు, మీ నాన్నగారు ఉంటే ఏమనేవారో నన్ను అడగొద్దు, నాకంటే నీకే బాగా తెలుసు అని చెయ్యి కడుక్కుని లేచిపోయారట. ఇంతకంటే స్పష్టంగా ఏ భర్తా సలహా ఇవ్వలేడు.

మర్నాడు ఆమె సర్పంచి గారి దగ్గరకు వెళ్ళారు. భీమరాజు గారు నొచ్చుకున్నారు గాని కోప్పడలేదు. ఊరంతా ఎదురుచూస్తున్న పని ఒక్క వాక్యం మూలంగా ఆగిపోతుందని, ఏడాది పాటు వెనక్కి వెళ్తుందని నచ్చజెప్పారు. ఆ మాట నిజం కూడా.

"కాగితం కాకినాడ ఎళ్ళిపోయింది గదండీ. ఆ మొదటి ముక్క ఎవరు చదూతారండి? ప్రతీ ఊరూ అదే రాత్తాది," అన్నారాయన.

"నేను చదివేనండి," అన్నారు రెబెకా గారు.

భీమరాజు గారు ఈ సంఘటనను తరువాతి కాలంలో ఎన్నో సభల్లో తామే చెప్పుకున్నారు. ఆ మాట విని తాను రెండు కప్పులు టీ తాగి, ఇక ఆమెను ఆపకుండా పంపేశానని వారి కథనం.

ఆ సాయంత్రమే రెబెకా గారు జిల్లా అధికారులకు ఉత్తరం రాశారు. అద్దరిలంకలో చాటింపు జరగలేదని, జరిగినట్లు రాసినది తానేనని, ఎనిమిదేళ్ళుగా అలాగే రాస్తున్నానని, కార్యదర్శి గారు తన రాతను నమ్మి సంతకం చేశారు గనుక బాధ్యత తనదేనని అందులో ఉంది. క్షమించమని గాని, పరిస్థితులు అర్థం చేసుకోమని గాని ఒక్క మాట లేదు. ఫలితం నెల తిరగకుండా వచ్చింది. తీర్మానం వెనక్కి వచ్చింది, దానితోపాటు తాఖీదు కూడా వచ్చింది. విచారణ జరిగింది. ఒక ఇంక్రిమెంటు ఆగింది, పదోన్నతి జాబితాలోంచి పేరు పోయింది. కొందరు సహోద్యోగులు ఆమెతో మాట్లాడటం తగ్గించారు. తమ పుస్తకాల్లో ఏ వాక్యం నిజమో తామూ చూసుకోవలసి వస్తుందని వారి భయం. ఆ కొందరిలో ఈ వ్యాసకర్త కూడా ఒకడని ఒప్పుకోవడానికి ఇంతకంటే తగిన సందర్భం రాదు.

రెండవ గ్రామసభ మార్చి 24, గురువారం, సంత రోజున పెట్టారు. మూడు రోజుల ముందు మైకునూ బ్యాటరీనీ ఆటోలోంచి దించి, కొండబాబు గారిని వెంటబెట్టుకుని రెబెకా గారు స్వయంగా పడవెక్కారు. ఎనిమిదేళ్ళుగా ఊరంతా దద్దరిల్లేలా చాటిన కొండబాబు గారికి నీళ్ళంటే ప్రాణభయమన్న సంగతి అప్పుడు బయటపడింది. ఆయన పడవ నడుమ చతికిలబడి, ఒక చేత్తో పడవ అంచునూ మరో చేత్తో బ్యాటరీనీ పట్టుకుని, కళ్ళు మూసుకునే ప్రయాణం చేశారు. లంకలో దిగాక కూడా ఆ వణుకు గొంతులోంచి పోలేదు. గ్రామసభకు విచ్చేయవలసిందిగా ఆయన చేసిన ఆ ప్రకటనను అచ్చం అదే వణుకుతో చేసి చూపించేవారు లంకలో ఇప్పటికీ ఉన్నారు.

సభకు లంక నుంచి రెండువందల మందికి పైగా వచ్చారు. పంచాయతీ పడవ చాలక వేట పడవలు కట్టుకుని వచ్చారు. నాలుగున్నర గంటలు సాగిన ఆ సభ వంటిది పొన్నమెరక చరిత్రలో మరొకటి లేదని తీర్మానాల పుస్తకాలన్నీ చదివిన ఏకైక వ్యక్తి చెబుతున్నారు గనుక నమ్మవచ్చు. భీమరాజు గారు తమ వాదన నిజాయితీగా వినిపించారు. రోడ్డు వేయలేని చోటిని పట్టణంలో ఉంచుకుని ఏం మేలు చేయగలమని అడిగారు. అప్పుడు రాజేశ్వరమ్మ గారు లేచారు.

"మేవెప్పుడైనా రోడ్డు అడిగేవాండీ? మా పిల్లలు చదివేది మీ బళ్ళోనండి, మేం పట్టిన చేప తినేది మీరండి, మీ పెళ్ళిళ్ళకి కూరగాయలు వచ్చేది మా లంకలోంచండి. ఇన్నాళ్ళూ ఒకే ఊరోళ్ళం అనుకున్నామండి. కాదనుకుంటే మా మొహం చూసి చెప్పండి, ఎల్లిపోతాం."

ఎవరూ ఆమె ముఖం చూసి ఆ మాట చెప్పలేకపోయారు. చేతులెత్తమన్నప్పుడు ఇటు ఒడ్డు వారే ముందుగా ఎత్తారు. అద్దరిలంకను ఊరిలోనే ఉంచాలన్నవారు మూడువందల డెబ్భై మంది, వద్దన్నవారు ముప్పై ఎనిమిది మంది. గాలి ఎటు ఉందో కనిపెట్టగల భీమరాజు గారు కూడా చివర్లో చెయ్యి ఎత్తారు. ఆ రోజు మొదటి వాక్యం రాయడానికి రెబెకా గారికి చాలాసేపు పట్టింది. పాత వాక్యాన్ని వదిలేసి, ఏ పేటలో ఏ రోజున ఎవరు చాటారో పదకొండు పేటలకూ విడివిడిగా రాశారు. ఇప్పటికీ మా కార్యాలయంలో అదే పద్ధతి. దాని మూలంగా ప్రతి సభకూ ఒక పుట అదనంగా ఖర్చవుతుంది.

2012 జనవరిలో పొన్నమెరక నగర పంచాయతీగా అవతరించింది. అద్దరిలంక ఇరవయ్యవ వార్డు అయింది. తనకంటే వెనుక చేరినవారు ముందుకు వెళ్ళిపోతుండగా ఐదేళ్ళు ఆలస్యంగా, 2016లో, రెబెకా గారు మేనేజరు పదవిని అలంకరించారు. ఆ విషయం ఎవరైనా సానుభూతిగా ఎత్తితే, ఆ ఐదేళ్ళలోనే కదా ఈ ఊరి చరిత్ర పుస్తకం సగం రాసుకోగలిగానని నవ్వేసేవారు. 2018లో పాయ అడుగు నుంచి లంకకు మంచినీళ్ళ గొట్టం వేయించడంలోనూ, కరోనా రోజుల్లో లంకలోని ప్రతి గడపకూ మందులూ బియ్యమూ చేరేలా పడవలు నడిపించడంలోనూ ఆమె చూపిన దక్షత అందరికీ తెలిసినదే. 2026లో రానున్న పొన్నమెరక స్థానిక పాలన శతవార్షికోత్సవానికి ఆమె సంకలనం చేస్తున్న పుర చరిత్ర పూర్తి కావస్తున్నది. అందులో 1938 నాటి గేదెకు నాలుగు పుటలు, 2011 నాటి తన తప్పుకు తొమ్మిది పుటలు ఆమె కేటాయించారు.

పింఛను కాగితాలు సిద్ధం చేస్తున్నప్పుడు, కమిషనరు గారు సర్వీసు రిజిస్టరు చూసి, పద్నాలుగేళ్ళ నాటి ఆ తాఖీదును తొలగించమని ఒక దరఖాస్తు పెట్టుకోమని, తాము సిఫారసు చేస్తామని వాత్సల్యంతో సూచించారు. రెబెకా గారు కృతజ్ఞతలు చెప్పి వద్దన్నారు. "అది తీసేస్తే ఆ రెండో సభ ఎందుకు పెట్టేరో ఎక్కడ తెలుస్తుందండీ?" అన్నారు.

2021లో ఇరవయ్యవ వార్డు నుంచి కౌన్సిలరుగా ఎన్నికైన రాజేశ్వరమ్మ గారు మా కార్యాలయానికి ఎంత ఆప్తులో అంత గండం. నీటి గొట్టం లీకయినా, పడవ తాడు తెగినా, వీధి దీపం ఆరిపోయినా ఆమె తిన్నగా మేనేజరు గారి గదిలోకి వెళ్తారు, గట్టిగా వాదిస్తారు, రెబెకా గారు అంతే గట్టిగా జవాబు చెబుతారు, చివరకు పని అవుతుంది. మొన్న జులైలో లంకలో పెట్టిన వార్డు సభే ఉద్యోగినిగా రెబెకా గారి ఆఖరి సభ. చాటింపు సభకు రెండు రోజుల ముందే వేశారని, మూడు రోజులు ఉండాలని రాజేశ్వరమ్మ గారు ఆక్షేపణ లేవదీశారు. లెక్క చూస్తే ఆ మాట నిజమే. పడవెక్కి అంతదూరం వెళ్ళిన మేమందరం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే, రెబెకా గారు నిర్వికారంగా పుస్తకం మూసి, సభను వచ్చే సోమవారానికి వాయిదా వేశారు. రేవు దాకా సాగనంపడానికి వచ్చిన రాజేశ్వరమ్మ గారు అప్పటిదాకా ఆక్షేపించిన గొంతు తగ్గించి అడిగారు.

"మీరెల్లిపోతే మేం ఎవరితో దెబ్బలాడాలండీ?"

"వీళ్ళతో దెబ్బలాడదామండి, నేనూ మీ పక్కనే కూచుంటాను," అని రెబెకా గారు మావైపు చెయ్యి చూపించారు.

"ఆయ్," అన్నారు రాజేశ్వరమ్మ గారు సంతృప్తిగా.

2025 ఆగస్టు 31వ తేదీ ఆదివారం నాడు, ముప్పై ఆరు సంవత్సరాల రెండు నెలల పైచిలుకు సేవానంతరం, శ్రీమతి బొంతు రెబెకా గారు పదవీ విరమణ చేస్తున్నారు. సెలవు రోజు గనుక సత్కార సభను ముందురోజుకు జరుపుకుంటున్నాము. శ్యామ్ బాబు గారితోనూ, కుమార్తెలు, అల్లుళ్ళు, మనుమలతోనూ ఆమె నిండు నూరేళ్ళు ఆయురారోగ్యాలతో, సుఖశాంతులతో వర్ధిల్లాలని, మోకాళ్ళ నొప్పులు ఆమెను పడవెక్కనీయకుండా చేయరాదని, చూపు తగ్గరాదని, వినికిడి అసలే తగ్గరాదని మా కార్యాలయ సిబ్బంది యావన్మందీ ఆ దేవుణ్ణి ప్రార్థిస్తున్నాము. ఇకమీదట ఈ ఊరి ప్రతి సభలోనూ ఆమె ప్రజల వరుసలో కూర్చుని, మేము రాసినది మా చేతనే పైకి చదివించి, అందులో నిజం కానిది ఒక్క వాక్యం ఉన్నా లేచి నిలబడి మా ముఖం చూసి చెప్పాలని, ఇంకా చాలా ఏళ్ళపాటు మేము ఆమెకు భయపడుతూ ఉండాలని, ఎంతో ప్రేమతో కోరుకుంటున్నాము.